మాస్కు వెనుక మాట: బీఏ సెట్టుతో లోపలికి వెళ్లేవారికి ఏ మైకు, ఏ వాకీటాకీ?

ఒడిశాలోని రాయగడ, కొరాపుట్, గజపతి జిల్లాల కర్మాగారాల్లో ఫైర్ విభాగం కొనుగోళ్లు చూసేవారికి ఏటా ఎదురయ్యే చిక్కు ఇది. బీఏ సెట్టు (పొగలో ఊపిరి కోసం వీపున మోసే గాలి సిలిండర్, దాని మాస్కు) తగిలించుకుని పొగలోకి వెళ్లినవాడు వాకీటాకీలో ఏదో చెబుతాడు. బయట కంట్రోల్ దగ్గర నిలబడ్డవాడికి బుసబుసలు, గరగరలు తప్ప ఏమీ అందదు. "మళ్లీ చెప్పు" అంటాడు. లోపలివాడు గొంతు పెంచుతాడు. మాట ఇంకా ముద్దగా వినిపిస్తుంది. రెండు మూడు డ్రిల్లుల్లో ఇదే జరిగాక "వాకీటాకీ సెట్లు పాతబడ్డాయి, డిజిటల్‌వి తెప్పిద్దాం" అని ఎవరో ఒకరు అంటారు. కొటేషన్లు వస్తాయి.

నా అభిప్రాయం ముందే చెబుతాను. చాలాచోట్ల తప్పు వాకీటాకీది కాదు, నోటికీ మైకుకీ మధ్య ఉన్న బెత్తెడు దూరానిది. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని అన్న సామెత ఇక్కడ అక్షరాలా నిజం. అందుకే ఎంపిక మైకుతో మొదలుపెట్టి, సెట్టు సంగతి తర్వాత చూడాలి.

ముందు జబ్బు తేల్చుకోండి

దీనికి పైసా ఖర్చు లేదు. పొగ, గ్యాసు ఏమీ లేని డ్రిల్లు రోజున ఒక మనిషిని మీ ప్లాంటులో సిగ్నల్ అనుమానంగా ఉండే చోట నిలబెట్టండి. కేబుల్ సొరంగమైనా, బాయిలర్ వెనుక భాగమైనా, కోల్డ్ స్టోరేజీ లోపలి గది అయినా సరే. మొదట మాస్కు లేకుండా నాలుగు వాక్యాలు చెప్పమనండి. తర్వాత అదే చోట, అదే సెట్టుతో, మాస్కు బిగించుకుని సిలిండర్ గాలి పీలుస్తూ అవే వాక్యాలు చెప్పించండి. మొదటిసారి స్పష్టంగా ఉండి రెండోసారి ముద్దయితే జబ్బు మాస్కు దగ్గర ఉంది. రెండుసార్లూ మాట ముక్కలు ముక్కలుగా తెగిపోతే జబ్బు సిగ్నల్‌ది. రెండూ కలిసి ఉండే చోట్లూ ఉంటాయి, కానీ ముందు మాస్కు సంగతి సరిచేస్తే సిగ్నల్ సంగతి ఎంతవరకో తేలుతుంది.

మాస్కులో మాట ఎందుకు పాడవుతుందో తెలిస్తే ఏది కొనాలో సగం తెలిసినట్లే. ముక్కూ నోరూ కప్పే లోపలి కప్పు, దానిపైన పెద్ద మాస్కు, ముందు భాగంలో మాట బయటికి రావడానికి పెట్టిన పలుచని డయాఫ్రం, వీటన్నిటినీ దాటి గొంతు బయటికి రావాలి. ఈ దారిలో స, శ, చ, ఫ లాంటి సన్నని శబ్దాలు ముందు పోతాయి. అచ్చులు మిగులుతాయి. దానికి తోడు ఊపిరి పీల్చిన ప్రతిసారీ డిమాండ్ వాల్వు (పీల్చినప్పుడు గాలి వదిలే కవాటం) బుస్సుమంటుంది. సిలిండర్‌లో గాలి పీడనం 55 బార్ దగ్గరికి పడిపోగానే హెచ్చరిక విజిల్ మోగుతుంది. దాని చప్పుడు 90 డెసిబెళ్లకు పైమాటే. పక్కవాడు కాసేపు కదలకుండా ఉండిపోతే అతడి డిస్ట్రెస్ అలారం దానికి జత కలుస్తుంది. అంటే మనిషి అతి ముఖ్యమైన మాట చెప్పాల్సిన క్షణంలోనే చప్పుడు తారస్థాయిలో ఉంటుంది.

ఆ విజిల్ మోగేటప్పటికి 6 లీటర్ల సిలిండర్‌లో మిగిలేది సుమారు 330 లీటర్లు. నిమిషానికి 40 లీటర్ల లెక్కన చూసినా ఎనిమిది నిమిషాలే. బరువైన పనిలో, భయంలో ఆ 40 కాస్తా 60 దాటుతుంది. "ఏమన్నావ్, మళ్లీ చెప్పు" అని మూడుసార్లు అడిగించుకునే తీరిక అక్కడ ఉండదు.

మైకుల్లో ఏది?

అన్నిటికంటే చౌకైనది భుజాన తగిలించుకునే స్పీకర్ మైకు. దాన్ని మాస్కు డయాఫ్రానికి ఆనించి మాట్లాడతారు. కొన్ని వేల రూపాయలతో తేలిపోతుంది, చెడిపోతే మరొకటి దొరుకుతుంది, ఏ కంపెనీ మాస్కుకైనా పనిచేస్తుంది. దీన్ని చిన్నచూపు చూసేవారే ఎక్కువ. సరిగ్గా వాడితే మన జిల్లాల్లోని మూడొంతుల అవసరాలకు ఇదే సరిపోతుందన్నది నా అంచనా.

సరిగ్గా వాడటం అంటే ఏమిటో కాస్త దగ్గరగా చూద్దాం. చాలామంది మైకును నోటి ఎదురుగా, అంటే మాస్కు అద్దానికి ఎదురుగా పెట్టి అరుస్తారు. మాట వచ్చేది అద్దం నుంచి కాదు. డయాఫ్రం కొన్ని మాస్కుల్లో గడ్డం దగ్గర ఉంటుంది, కొన్నిటిలో పక్కకు ఉంటుంది. మీ మాస్కుది ఎక్కడుందో మీ మనుషుల్లో ఎంతమంది చీకట్లో తడిమి చూపించగలరో ఒకసారి అడిగి చూడండి. మైకు దానికి ఒకటి రెండు అంగుళాల లోపు ఉండాలి. చేతి తొడుగుతో మైకు చుట్టూ దొన్నెలా మూసి పెడితే బయటి చప్పుడు కొంత తగ్గుతుంది. ఊపిరి పీల్చుకుని, బుస ఆగాక బటన్ నొక్కి, ఒక క్షణం ఆగి, మామూలు గొంతుతో మాట్లాడాలి. అరిస్తే డయాఫ్రం గిలగిలలాడి మాట ఇంకా చెదురుతుంది. విజిల్ మోగుతుంటే వీలైనంతవరకు అది ఉన్న వైపు కాకుండా రెండో వైపు మైకు పట్టుకోవాలి. ఇవన్నీ అలవాటుతో వచ్చేవే, డబ్బుతో వచ్చేవి కావు.

దీని లోపమల్లా ఒక చేయి ఖాళీగా ఉండాలి. హోస్ బ్రాంచి (నీళ్ల గొట్టం కొస) పట్టుకున్నవాడికి, నిచ్చెన మీద ఉన్నవాడికి అది కుదరదు. మైకు వైరు కోటు బయట వేలాడుతుంటుంది కనుక మంటలో ముందు దెబ్బతినేది కూడా అదే.

రెండోది మాస్కుకు తగిలించే వాయిస్ యాంప్లిఫయర్. బ్యాటరీతో నడిచే చిన్న స్పీకర్ పెట్టె. దీనివల్ల పక్కనున్న జోడీదారుకు మాట బాగా వినిపిస్తుంది, స్పీకర్ మైకుకూ గట్టి గొంతు అందుతుంది. ఇద్దరిద్దరుగా లోపలికి వెళ్లేవారికి ఇది నిజంగా మేలు. కానీ పాత రకాలు ఊపిరి బుసను కూడా పెంచి వినిపిస్తాయి. రెండు యాంప్లిఫయర్లు, రెండు స్పీకర్ మైకులు దగ్గర దగ్గరగా ఉంటే కీచుమనే మోత పుడుతుంది. కొనేముందు ఇద్దరు మనుషులకు తగిలించి, పక్కపక్కనే నిలబెట్టి, ఒకరు మాట్లాడేటప్పుడు రెండోవారి సెట్టు ఏం చేస్తుందో చూడండి. ఒక్కరికే తగిలించి చూపించే డెమో నమ్మకండి.

మూడోది మాస్కు లోపలే మైకు, చెవి దగ్గర స్పీకర్, సెట్టుకు తీగతోనో బ్లూటూత్‌తోనో సంబంధం. డ్రేగర్, ఎంఎస్ఏ, స్కాట్ లాంటి తయారీదారులందరి దగ్గరా ఇలాంటివి ఉన్నాయి. స్పష్టతలో ఇవే పైచేయి. మంచి రకాలు పీల్చే బుసను గుర్తుపట్టి ఆపేస్తాయి. చెవి దగ్గరే స్పీకర్ ఉంటుంది కాబట్టి వినడం కూడా తేలికవుతుంది. ఈ వినే సంగతిని చాలామంది మరిచిపోతారు. తలమీద హుడ్, హెల్మెట్, చుట్టూ హోరు ఉన్నప్పుడు భుజం మీది స్పీకర్ ఎంత మోగినా చెవికి చేరేది కొంతే. అయితే ఈ మూడో రకం కొంటే ఆ మాస్కు కంపెనీకి కట్టుబడిపోయినట్లే. మాస్కు మారిస్తే మైకులన్నీ మారాలి. ప్రతి మాస్కుకూ బ్యాటరీ ఛార్జింగ్, జత కలపడం, వాడాక మాస్కు కడిగేటప్పుడు మైకు విప్పి పెట్టడం, ఇంత పని చూసుకునే మనిషి ఉండాలి. నాలుగు మాస్కులను పది మంది వంతులవారీగా వాడే చోట, వానాకాలమంతా స్టోరు గది చెమ్మగిల్లే చోట, రెండేళ్లకల్లా వీటిలో సగం మూలకు చేరడం చూశాను. ఇరవై నాలుగు గంటలూ ఫైర్ స్టేషన్ నడిపే పెద్ద కర్మాగారమైతే తీసుకోవచ్చు. చిన్న యూనిట్‌కు ఇది ఏనుగును మేపడమే.

నాలుగోది గొంతు మైకు, ఐదోది నెత్తి మీది ఎముక కంపనంతో పనిచేసే మైకు. రెండూ గాలిలోని శబ్దాన్ని కాక ఒంట్లోని కంపనాన్ని అందుకుంటాయి. అందుకే విజిల్, పంపు హోరు వీటికి పెద్దగా అంటవు. మాట మాత్రం కాస్త బొంగురుగా వస్తుంది, స, శ లాంటివి ఇక్కడా పలుచబడతాయి. గొంతు మైకు పట్టీ హుడ్ కింద చెమటకు జారుతుంది. మే నెలలో మన దగ్గర డ్రిల్లు చేసినవారికి ఆ చెమట ఎంతో వేరే చెప్పనక్కర లేదు. నెత్తి మైకు హెల్మెట్ లోపల బిగుతుగా తలకు ఆనితేనే పనిచేస్తుంది.

ఇంత చెప్పినా ఒక పనికి మాత్రం వీటిని మించినవి లేవు. అది క్లోరిన్ లీకు.

కాగితం మిల్లుల్లో క్లోరిన్ డయాక్సైడ్, మున్సిపాలిటీ నీటి శుద్ధి కేంద్రాల్లో 900 కిలోల క్లోరిన్ టన్నర్లు (పెద్ద సిలిండర్లు) ఉంటాయి. అక్కడ లీకు ఆపడానికి వెళ్లేవాడు ఒంటినిండా గ్యాసు చొరబడని సూటు వేసుకుంటాడు. బీఏ సెట్టు, మాస్కు, వాకీటాకీ అన్నీ సూటు లోపలే ఉంటాయి. స్పీకర్ మైకును మాస్కుకు ఆనించడానికి చేయి లోపల ఎక్కడుంది? అందుకే ఇక్కడ గొంతు మైకు గానీ, నెత్తి మైకు గానీ, మాస్కు లోపలి మైకు గానీ తప్పనిసరి. దానితో పాటు అరచేయంత పెద్ద మాట్లాడే బటన్ ఛాతీ మీద ఉండాలి. సూటు పైనుంచి పిడికిలితో నొక్కితే పనిచేయాలి. "బటన్ ఎందుకు, గొంతు వినగానే దానంతట అదే ఆన్ అవుతుంది" అని అమ్మేవారు చెబుతారు. ఒప్పుకోకండి. ఊపిరి బుసకు కూడా అది ఆన్ అవుతుంది. ఒక్కడి ఊపిరితో ఛానల్ మొత్తం నిండిపోతే మిగతావాళ్ల నోళ్లు కట్టేసినట్లే.

సెట్టు విషయానికి వస్తే

అనలాగా, డిజిటలా అన్న ప్రశ్నకు ఒక పాత పరీక్ష దారి చూపిస్తుంది. అమెరికాలో ఫైర్ చీఫ్‌ల సంఘం ఇదే గోడు వెళ్లబోసుకున్నప్పుడు, బౌల్డర్‌లోని ప్రభుత్వ టెలికాం ప్రయోగశాల మాస్కుతోనూ మాస్కు లేకుండానూ, రంపాల హోరు, గాలి తగ్గిన విజిల్, డిస్ట్రెస్ అలారం లాంటి చప్పుళ్ల మధ్య రెండు రకాల సెట్లనూ పోల్చి 2008లో నివేదిక ఇచ్చింది. మాస్కు ఒక్కటే స్పష్టతను బాగా తగ్గించింది. కొన్ని చప్పుళ్ల మధ్య డిజిటల్ కంటే అనలాగే మెరుగ్గా అర్థమైంది. కారణం ఉంది. డిజిటల్ సెట్టు మనిషి గొంతు నమూనాను పట్టుకుని మాటను కుదించి పంపుతుంది. గొంతుతో పాటు విజిల్ కూడా దూరితే రెండింటినీ కలిపి ఏదో వింత శబ్దంగా మార్చేస్తుంది. అప్పటి నుంచి డిజిటల్ సెట్లలో చప్పుడు తగ్గించే ఏర్పాట్లు చాలా మెరుగుపడ్డాయి, అది ఒప్పుకోవాల్సిందే. కానీ మాస్కు జబ్బుకు డిజిటల్ మందు కాదు. ఇంకో తేడా కూడా గుర్తుంచుకోండి. సిగ్నల్ బలహీనపడుతుంటే అనలాగ్‌లో గరగర పెరుగుతూ ముందే హెచ్చరిస్తుంది. డిజిటల్‌లో చివరిదాకా బాగుండి ఒక్కసారిగా తెగిపోతుంది. ఉన్న అనలాగ్ సెట్లు బాగుంటే లోపలి పనికి వాటినే ఉంచుకోండి. కొత్తవి కొనక తప్పకపోతే రెండు పద్ధతుల్లోనూ పనిచేసేవి తీసుకుని, బీఏ ఛానల్‌ను అనలాగ్‌లోనే పెట్టించండి.

భవనాల లోపలికి వీహెచ్ఎఫ్ (తక్కువ ఫ్రీక్వెన్సీ) సెట్ల కంటే యూహెచ్ఎఫ్ (ఎక్కువ ఫ్రీక్వెన్సీ) నయం. కిటికీలు, తలుపుల సందుల్లోంచి అది బాగా దూరుతుంది. కొండల మధ్య దూరాలకు వీహెచ్ఎఫ్ పనికొస్తుంది కానీ, లోపలివాడికీ గుమ్మం దగ్గరివాడికీ మధ్య దూరం రెండు మూడు వందల మీటర్లే కదా. అదే కారణంగా ఆ ఇద్దరి మాట రిపీటర్ (సిగ్నల్ అందుకుని తిరిగి పంపే పరికరం) మీదుగా వెళ్లకూడదు. కొండ మీది రిపీటర్ నేలమాళిగలో ఉన్నవాడికి అందకపోవచ్చు, పది గజాల్లో ఉన్న కంట్రోల్ మనిషి నేరుగా అందుతాడు. సెట్టు నుంచి సెట్టుకు నేరుగా మాట్లాడే ఛానల్ ఒకటి వేరుగా ఉంచండి.

మండే గ్యాసులు, ఆవిర్లు ఉండే చోట నిప్పురవ్వ పుట్టని సురక్షిత రకం సెట్టు, దానికి పెసో (కేంద్ర పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ) అనుమతి తప్పనిసరి. మైకు, బ్యాటరీ కూడా ఆ అనుమతి కిందివే అయి ఉండాలి. సెట్టు సురక్షితమై, మైకు బజారుదైతే అనుమతికి అర్థం లేదు. ఈ రకం సెట్లలో చాలావాటి శక్తి ఒక వాట్ దగ్గరే ఆగుతుంది, మామూలువి నాలుగైదు వాట్లు ఇస్తాయి. కాంక్రీటు అంతస్తుల మధ్య ఈ తేడా గట్టిగా తెలుస్తుంది. 2017లో 72 మందిని బలిగొన్న లండన్ గ్రెన్‌ఫెల్ టవర్ అగ్నిప్రమాదంలో బీఏ బృందాలకు రేడియో సరిగా అందకపోవడం విచారణలో పెద్ద అంశమైంది. కాబట్టి ప్లాంటు మొత్తానికి ఒకే రకం అన్న పట్టుదల వద్దు. గ్యాసు ఉన్న విభాగాలకు ఒక రకం, ఆఫీసు భవనాలకు, ఆసుపత్రికి, గిడ్డంగులకు మరో రకం ఉంచుకోండి. రంగు పట్టీలతో వేరు చేసి, బీఏ సెట్టు పక్కనే వేలాడదీయండి.

ఆన్‌లైన్‌లో లైసెన్సు అక్కర్లేదంటూ అమ్మే బొమ్మలాంటి సెట్లు ఈ పనికి రావు. మన దేశంలో 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య అర వాట్ లోపు సెట్లకు 2018లో లైసెన్సు మినహాయింపు ఇచ్చారు. గేటు దగ్గర పార్కింగ్ చూసుకోవడానికి అవి చాలు. అంతకు మించినవాటికి కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం లైసెన్సు ఉండాల్సిందే.

సెట్టు ఎక్కడ పెట్టుకోవాలన్నదీ ఎంపికలో భాగమే. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2006లో చేసిన పరీక్షల్లో, 160 డిగ్రీల సెల్సియస్ వేడికి నేరుగా గురైన వాకీటాకీలు తట్టుకోలేకపోయాయి. ఫైర్ కోటు జేబులో ఉన్నవి తట్టుకున్నాయి. నడుముకు బయట వేలాడదీసే అలవాటు మాన్పించండి. కోటు కింద తోలు పట్టీతో వేసుకుంటే ఇంకా మంచిది, యాంటెన్నా నిటారుగా ఉండాలి.

ఏ భాషలో, ఏ మాటలు

మన దగ్గరి బృందాల్లో తెలుగు, ఒడియా, హిందీ మూడూ నడుస్తాయి. ఎవరు ఏ భాష మాట్లాడినా ఫరవాలేదు, అంకెల విషయంలో మాత్రం ఒకే పద్ధతి పెట్టండి. గేజి చూసి "యాభై" అన్నా, "ఎనభై" అన్నా, "తొంభై" అన్నా మాస్కులోంచి బయటికి వచ్చేది "భై" ఒక్కటే. ఆ తేడా మీద ఒక మనిషి ప్రాణం ఆధారపడి ఉంది. "ఎయిట్, జీరో" అని విడివిడిగా చెప్పించండి. అలాగే "లోపలికి రావద్దు" అన్న వాక్యంలో తొందరపడి బటన్ వదిలేస్తే అవతలివాడికి వినిపించేది "లోపలికి రా". ఆపాలనుకుంటే ముందు "రుకో" అని రెండుసార్లు చెప్పి తర్వాత మిగతాది చెప్పడం మేలు. అది మూడు భాషలవారికీ తెలుసు, సన్నని శబ్దాలు లేవు కనుక మాస్కును దాటుకుని వస్తుంది.

పెద్ద ప్రమాదమైతే ఆంధ్రా వైపు నుంచి కూడా సాయం వస్తుంది. వాళ్ల సెట్ల ఫ్రీక్వెన్సీ వేరు, మనది వేరు. ఆ సమయంలో కూర్చుని ఛానళ్లు కలపడం జరిగే పని కాదు. కంట్రోల్ పాయింటులో ఛార్జి చేసిన మన సెట్లు రెండు అదనంగా ఉంచి, వచ్చిన బృందం నాయకుడి చేతిలో ఒకటి పెడితే సరిపోతుంది.

రేడియో పూర్తిగా మూగబోతే ఏమిటన్న ప్రశ్నకు తాడు సమాధానం. అమెరికా ఫైర్ సర్వీసుల్లో ఒక లాగుడు "బాగున్నా", రెండు "ముందుకు వెళ్తున్నా", మూడు "తాడు వదులు లేకుండా లాగు", నాలుగు "సాయం కావాలి". మీ శాఖ మాన్యువల్‌లో వేరే సంకేతాలుంటే అవే వాడండి, రెండు రకాలు కలపకండి. ట్యాలీ బోర్డు మీద పేరు, లోపలికి వెళ్లిన వేళ, అప్పటి బార్ రాసే మనిషి ఎలాగూ ఉండాలి. రేడియో ఎంత ఖరీదైనదైనా ఆ బోర్డు తీసేయడానికి లేదు.

ఇక ఎవరికి ఏది? ఆసుపత్రి, కోల్డ్ స్టోరేజీ, జీడిపప్పు ఫ్యాక్టరీ, చిన్న మిల్లు అయితే యూహెచ్ఎఫ్ అనలాగ్ సెట్లు, మంచి స్పీకర్ మైకులు, నెలకో డ్రిల్లు చాలు. జోడీలుగా లోపలికి పంపే మున్సిపల్ స్థాయి బృందాలకు వాయిస్ యాంప్లిఫయర్ కూడా చేర్చండి. క్లోరిన్ ఉన్న ప్రతిచోటా సూటు జతలకు సరిపడా గొంతు లేదా నెత్తి మైకులు, ఛాతీ బటన్లు ఉండాల్సిందే. మిగతావాటిలో పొదుపు చేసినా ఇక్కడ చేయకండి. మాస్కు లోపలి మైకుల వ్యవస్థ, పూర్తికాల సిబ్బందీ మెయింటెనెన్స్ మనిషీ ఉన్న పెద్ద ప్లాంట్లకే.

డబ్బు కట్టే ముందు సరఫరాదారుతో ఒక షరతు రాయించుకోండి. డెమో మీ ప్లాంటులో, మీ మాస్కులతో, పంపు నడుస్తుండగా జరగాలి. సిలిండర్‌ను 55 బార్ కిందికి దించి, విజిల్ మోగుతుండగా లోపలి మనిషి ఒక చీటీలోని ఇరవై మాటలు చదవాలి. తాడు, గోడ, మేడ, ఏడు, మూడు, పాడు లాంటి దగ్గర దగ్గర మాటలే ఆ చీటీలో ఉండాలి. చీటీని ముందు చూడని మనిషి బయట కూర్చుని విన్నది విన్నట్లు రాసుకోవాలి. అమ్మకందారు ఉద్యోగిని చదవనివ్వకండి, అతడికి మాస్కులో మాట్లాడటం కొట్టిన పిండి. మీ బృందంలో అందరికంటే కొత్తవాడితో చదివించండి. పదహారు మాటల కంటే తక్కువ సరిపోలితే ఆ మోడల్‌ను వెనక్కి పంపే హక్కు కొనుగోలు ఆర్డరులోనే ఉండాలి.